మధ్య మజిలీ

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యార్థి వినిమయ కార్యక్రమంలో విదేశానికి వెళ్ళబోయే విద్యార్థి ప్రయాణానికి ముందు ఏ విధంగా సిద్ధం కావాలో తెలియజేయడం, అటువంటి సన్నాహానికి చరిత్రలో ఉన్న గొప్ప ఉదాహరణలను పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

వినిమయం - అర్థం

విద్య నిమిత్తం స్వదేశాన్ని విడిచి దూరదేశాలకు వెళ్ళే ఆచారం ప్రాచీనమైనది. ఒకప్పుడు పరదేశీయులు తక్షశిలకు, నలందకు వచ్చారు. ఆధునిక కాలంలో భారతీయులు లండన్‌కు, బోస్టన్‌కు, బెర్లిన్‌కు వెళ్ళారు. అయితే ఉన్నత విద్యకై విదేశానికి వెళ్ళడం వేరు, విద్యార్థి వినిమయం వేరు. మొదటిదానిలో విద్యార్థి అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి అక్కడి పట్టాన్ని పొందుతాడు. రెండవదానిలో అతడు తన కళాశాల విద్యార్థిగానే ఉంటూ, ఒక అర్ధసంవత్సరమో సంవత్సరమో పరదేశంలో చదివి, తిరిగి తన కళాశాలకే వస్తాడు. చాలా సందర్భాలలో అక్కడి ఒక కుటుంబంలో సభ్యునిగా నివసిస్తాడు. ఆ దేశపు విద్యార్థులు కూడా ఇదే విధంగా మరొక దేశానికి వెళ్తారు. అందువల్లనే దీనికి 'వినిమయం' అనే పేరు సార్థకమైంది. వినిమయమంటే ఇచ్చిపుచ్చుకోవడం. కేవలం పుచ్చుకోవడానికే వెళ్ళేవాడు ఆ పేరులో సగభాగాన్ని మరచినవాడవుతాడు.

ఈ పద్ధతి వ్యాపించడానికి యుద్ధాలు కారణం కావడం విశేషం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సు రణరంగంలో గాయపడిన సైనికులను వాహనాలలో చేరవేసిన అమెరికన్ స్వచ్ఛంద సేవకుల సంఘం ఒకటి ఉంది. ఆ సంఘం పేరు ఏఎఫ్‌ఎస్. రెండవ ప్రపంచ యుద్ధంలోనూ అదే సేవ చేసిన ఆ సంఘం 1947లో పాఠశాల విద్యార్థుల వినిమయాన్ని ప్రారంభించింది. ఒకరి ఇంట ఒకరు భోజనం చేసిన పిల్లలు పెద్దవారై ఒకరిపై ఒకరు ఆయుధం ఎత్తరాదని వారి ఆశ. అమెరికా సెనేటర్ ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించిన విద్యా వినిమయ చట్టం 1946 ఆగస్టు 1న ఆమోదం పొందింది. ఆ కార్యక్రమానికి సంబంధించి భారత, అమెరికా దేశాల మధ్య 1950 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. ఐరోపాలో 1987లో 'ఎరాస్మస్' పథకం మొదలైంది. తొలి సంవత్సరంలో 11 దేశాలకు చెందిన 3,244 మంది విద్యార్థులు దానిలో పాల్గొన్నారు.

ఇటువంటి అవకాశం లభించిన విద్యార్థి ఇంట్లో సందడి సహజంగా సామాను చుట్టూ తిరుగుతుంది. పెట్టె ఎంత బరువు తూగాలి, ఊరగాయ ఎంత కట్టాలి, చలికోటు ఎక్కడ కొనాలి అన్న చర్చలతో నెలలు గడుస్తాయి. ఇవన్నీ అవసరమే. కాని పదమూడు వందల సంవత్సరాలకు పూర్వం చైనా నుండి భారతదేశానికి చదువుకోవడానికి వచ్చిన ఒక భిక్షువు, అసలైన సన్నాహం మరొకటి ఉందని తన జీవితంతో నిరూపించాడు. ఆయన పేరు ఇత్సింగ్.

శ్రీవిజయలో ఆరు నెలలు

ఇత్సింగ్ క్రీ.శ. 635లో ఉత్తర చైనాలో జన్మించాడు. బాల్యంలోనే గురువుల వద్ద చేరి, పదునాలుగవ ఏట సన్యసించాడు. పదునెనిమిదేళ్ళ ప్రాయానికే ఆయనకు బుద్ధుడు నడిచిన నేలను చూడాలని, అక్కడి భాషలోనే ధర్మగ్రంథాలను చదవాలని కోరిక కలిగింది. ఆ కోరిక తీరడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ కాలాన్ని ఆయన వ్యర్థం చేయలేదు. భిక్షువుల ఆచార నియమాలను చెప్పే వినయ గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేశాడు. భారతదేశానికి పోయి ఏమి అడగాలో ఆయనకు స్పష్టంగా తెలిసింది. తన దేశంలోని భిక్షువులు పాటిస్తున్న ఆచారం మూలానికి అనుగుణంగా ఉందా, లేదా అన్నది ఆయన ప్రశ్న.

ప్రయాణానికి ముందు ఆయన చేసిన పని గమనింపదగినది. జీవించి ఉన్న గురువు వద్దకు పోయి అనుమతి కోరాడు. గురువు వృద్ధుడు. శిష్యుడు తిరిగివచ్చేసరికి తాను ఉంటానో ఉండనో ఆయనకు తెలియదు. అయినప్పటికీ ఇటువంటి అవకాశం మరల రాదని, తన గురించి ఆలోచించవద్దని చెప్పి ఆశీర్వదించాడు. తరువాత ఇత్సింగ్ తన చిన్ననాటనే కాలధర్మం చెందిన మరొక గురువు సమాధి వద్దకు పోయి, అక్కడ కూడా సెలవు తీసుకున్నాడు.

తనతో వస్తామన్నవారు తొలుత పలువురు ఉన్నారు. ఓడ ఎక్కే సమయానికి ఒక యువ భిక్షువు మాత్రమే మిగిలాడు. క్రీ.శ. 671లో ఇత్సింగ్ కాంటన్ రేవులో ఒక పారశీక నౌకను ఎక్కి, ఇరవై రోజులు నిండకముందే సుమత్రా దీవిలోని శ్రీవిజయకు చేరుకున్నాడు. అక్కడ ఆ యువకుడు వ్యాధిగ్రస్తుడై స్వదేశానికి తిరిగిపోయాడు. ఇత్సింగ్ ఒంటరివాడయ్యాడు. అయినా ఆయన తొందరపడి ముందుకు సాగిపోలేదు. శ్రీవిజయలో ఆరు నెలలు ఆగి, సంస్కృత వ్యాకరణమైన శబ్దవిద్యను అభ్యసించాడు. క్రీ.శ. 673లో వంగదేశపు రేవైన తామ్రలిప్తిలో దిగిన తరువాత కూడా వెంటనే నలందకు పోలేదు. అక్కడ నివసిస్తున్న మరొక చైనా భిక్షువు సహాయంతో భాషాభ్యాసాన్ని కొనసాగించాడు. ఆ తరువాతనే నలందకు బయలుదేరాడు. నలందలో దాదాపు పది సంవత్సరాలు చదివాడు.

తన అనుభవాన్ని ఇత్సింగ్ గ్రంథస్థం చేసి స్వదేశానికి పంపాడు. అందులో రాబోయే విద్యార్థులకు రెండు సూచనలున్నాయి. శ్రీవిజయలో వేయిమందికి పైగా భిక్షువులున్నారు. వారి ఆచారాలు మధ్యదేశపు ఆచారాలను పోలి ఉంటాయి. కనుక భారతదేశానికి పోదలచిన చైనా భిక్షువు అక్కడ ఒకటి రెండు సంవత్సరాలు నివసించి, నియమాలను అభ్యసించి, పిదప ముందుకు సాగడం మేలన్నది మొదటి సూచన. చదువుకోవడానికి వచ్చేవాడు ముందుగా వ్యాకరణాన్ని నేర్చుకొని, ఆ తరువాతనే ఇతర విద్యల జోలికి పోవాలని, లేకపోతే పడిన శ్రమ అంతా వృథా అవుతుందన్నది రెండవది. భారతీయ బాలురు ఆరవ ఏట అక్షరాలను, ఎనిమిదవ ఏట పాణిని సూత్రాలను ఆరంభిస్తారని కూడా ఆయన వివరించాడు. పెద్దవాడైన తరువాత వచ్చిన పరదేశి ఆ బాలుర వెనుక కూర్చుని నేర్చుకోవడానికి సిగ్గుపడరాదని ఈ వివరణ సూచిస్తుంది.

ఇంటికి, గమ్యానికి నడుమ ఆగి, గమ్యంలో ఎలా మెలగాలో నేర్చుకునే ఈ చోటును 'మధ్య మజిలీ' అనవచ్చు. ఇత్సింగ్ విజయరహస్యం ఆ మజిలీలో ఉంది.

ఒక టోపీ నేర్పిన పాఠం

మజిలీ లేని ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పడానికి అందరికీ తెలిసిన ఒక జీవితం ఉంది. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ పద్ధెనిమిదేళ్ళ వయసులో, 1888 సెప్టెంబరు 4న బొంబాయి నుండి ఇంగ్లండుకు ఓడలో బయలుదేరాడు. ఆయన సన్నాహంలో ఒక భాగం అత్యంత దృఢమైనది. మద్యం, మాంసం, పరస్త్రీ సాంగత్యం ముట్టనని తల్లి ఎదుట ఆయన ప్రమాణం చేశాడు. సముద్రయానం నిషిద్ధమన్న కుల పెద్దలు వెలివేసినా ప్రయాణం మానలేదు.

అయితే రెండవ భాగం శూన్యం. ఓడలో ఇంగ్లీషులో సంభాషించడానికి ఆయనకు బెరుకు. కత్తి, ఫోర్కు ఉపయోగించడం తెలియదు. వడ్డించిన వంటకాలలో మాంసం లేనివి ఏవో అడగడానికి ధైర్యం చాలలేదు. అందువల్ల ఇంటి నుండి తెచ్చుకున్న మిఠాయిలతో, పండ్లతో చాలా రోజులు గదిలోనే గడిపాడు. ఓడ దిగే వేళ తెల్లని దుస్తులు శోభిస్తాయని భావించి ధరించాడు. తీరా చూస్తే ఆ చలికాలపు ఆరంభంలో తెల్లని దుస్తులలో ఉన్నవాడు తానొక్కడే. సామాను తాళపుచెవులు ఏజెంటుకు ఇచ్చివేశాడు. మరునాడు ఆదివారం కావడం వల్ల వేరే దుస్తులు వెంటనే చేతికి రాలేదు. ఈ ఇబ్బందిని ఆయన ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆయనను చూడడానికి డాక్టర్ ప్రాణజీవన్ మెహతా వచ్చాడు. మెహతా టోపీ నూగుతో మృదువుగా ఉంది. గాంధీ కుతూహలంతో దానిని తీసుకొని చేతితో ఎదురుదిశగా నిమిరాడు. నూగు చెదిరింది. మెహతా కినుకతో చూసి వారించాడు. ఆ తరువాత ఆయన చెప్పిన మాటలు గాంధీకి ఇంగ్లండులో మొదటి పాఠమయ్యాయి. ఇతరుల వస్తువులను తాకరాదు. తొలి పరిచయంలోనే భారతదేశంలో వలె సొంత విషయాలు ప్రశ్నించరాదు. బిగ్గరగా మాట్లాడరాదు. ఎదుటివారిని సేవకుల వలె మాటమాటకూ 'సర్' అని సంబోధించరాదు.

మెహతా అంతటితో ఆగలేదు. ఇంగ్లండుకు రావడంలో చదువు కన్నా అక్కడి జీవితానుభవం పొందడమే ముఖ్యమని, అందుకు ఒక కుటుంబంతో కలిసి నివసించాలని సూచించాడు. అయితే కుటుంబంలో చేరేముందు కొంతకాలం ఒక భారతీయ మిత్రుని వద్ద ఉండి శిక్షణ పొందాలన్నాడు. గాంధీ ఆ మిత్రునితో ఒక నెల గడిపి, అక్కడి నడవడిని, ఇంగ్లీషులో మాట్లాడే అలవాటును నేర్చుకున్నాడు. ఇత్సింగ్‌కు శ్రీవిజయ ఏదో, గాంధీకి ఆ మిత్రుని ఇల్లు అది. ప్రయాణానికి ముందు లేని మజిలీని ఆయన ప్రయాణం తరువాత కల్పించుకోవలసి వచ్చింది.

మజిలీని మింగిన విమానం

నాటి యాత్రికునికి దారి స్వయంగా ఒక పాఠశాల. ఓడలోనో, ఒంటెలపైనో నెలల తరబడి సాగే ప్రయాణంలో భాష, ఆహారం, వాతావరణం క్రమక్రమంగా మారేవి. నేటి విద్యార్థి శంషాబాద్‌లో రాత్రి విమానమెక్కితే మరునాటికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. శరీరం చేరుతుంది కాని, మనస్సు ఇంకా ఇంటి వద్దనే ఉంటుంది. విమానం కాలాన్ని మిగిల్చింది గాని మధ్య మజిలీని మింగివేసింది. కనుక ఆ మజిలీని విద్యార్థి బయలుదేరకముందే, తన ఇంట్లోనే నిర్మించుకోవాలి. ఎంపికైన రోజుకు, విమానమెక్కే రోజుకు నడుమ ఉన్న నెలలే అతని శ్రీవిజయ.

ఆ నెలలలో మొదట చేయవలసినది భాషాభ్యాసం. ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చిన విద్యార్థి తనకు భాష వచ్చునని భావించవచ్చు. కాని పరీక్షపత్రంలోని భాష వేరు, వంటగదిలోని భాష వేరు. కడుపునొప్పి ఎక్కడ, ఎట్లా వస్తున్నదో చెప్పడం, దారి తప్పినప్పుడు అడగడం, తప్పు చేసినప్పుడు క్షమాపణ కోరడం, ఇష్టం లేని వంటకాన్ని నొప్పించకుండా వద్దనడం రావాలి. జర్మనీకో, జపాన్‌కో వెళ్ళేవాడు ఇంగ్లీషుతో గడిచిపోతుందని ఊరుకోరాదు. ఆ దేశభాషలో ఇటువంటి మాటలను నోటికి వచ్చేవరకు పలకాలి. తప్పులు దొర్లినా అతిథి తన భాషలో మాట్లాడడానికి ప్రయత్నిస్తున్నాడన్న సంతోషం ఆ ఇంటివారికి కలుగుతుంది.

రెండవది మర్యాదల పరిచయం. తెలుగు ఇళ్ళలో అన్నం వడ్డించిన తల్లికి కృతజ్ఞతను మాటలో చెప్పే అలవాటు అరుదు. చెబితే పరాయితనంగా తోస్తుంది కూడా. అనేక పాశ్చాత్య కుటుంబాలలో ఆ మాట చెప్పకపోవడం నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. తెలుగు విద్యార్థి ఉపాధ్యాయుని ఎదుట మౌనంగా ఉండడం గౌరవసూచకం. ప్రశ్నలకు పేరుపడిన తరగతిలో అదే మౌనం అనాసక్తిగా పరిగణింపబడవచ్చు. అంగీకార సూచకంగా తలను పక్కలకు ఊపడం ఇక్కడ సహజం. దానిని అక్కడివారు 'కాదు' అనుకోవచ్చు. జర్మన్ భాషలో పెద్దవారిని, చనువు లేనివారిని గౌరవవాచకంతో సంబోధిస్తారు. 'నువ్వు', 'మీరు' అనే భేదం తెలిసిన తెలుగువానికి ఇది సులభంగానే బోధపడుతుంది. ఈ విధంగా పోలికలను, భేదాలను ముందే గుర్తించినవాడు ఎదుటివారి ప్రవర్తనకు తొందరపడి దురర్థం కల్పించడు.

మూడవది ఇంటిపనుల అభ్యాసం. ఆతిథేయ కుటుంబంలో విద్యార్థి అతిథిగా కొద్దిరోజులు, సభ్యునిగా మిగతా రోజులు ఉంటాడు. సభ్యుడన్న తరువాత తాను తిన్న పళ్ళెం కడగడం, పక్క సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం తప్పదు. అంతవరకు అమ్మ చేతిమీదుగా అన్నీ జరిగినవాడు ఈ పనులను ఇక్కడే, ఆ అమ్మ వద్దనే నేర్చుకోవడం ఉచితం. ఆహార నియమాలు ఉన్నవాడు వాటిని దాచక, బయలుదేరకముందే ఆ కుటుంబానికి ఉత్తరంలో స్పష్టంగా తెలపాలి. గాంధీ ఓడలో పస్తులున్నంత పని చేసింది నియమం వల్ల కాదు, నియమాన్ని చెప్పలేని బిడియం వల్ల.

పత్రాలు, మందులు, సామాను

బాహ్య సన్నాహాన్ని కూడా తక్కువగా చూడరాదు. పాస్‌పోర్టు మొట్టమొదటి పత్రం. తిరిగివచ్చే తేదీ తరువాత కూడా ఆరు నెలల గడువు మిగిలి ఉండే విధంగా చూసుకోవడం క్షేమకరం. మైనరు అయిన విద్యార్థి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి పత్రం అవసరమవుతుంది. వీసా, ఆరోగ్యబీమా, టీకాల ధ్రువపత్రం, కళాశాల మార్కుల పత్రాలు వీటి అసలు ప్రతులు ఒకచోట, నకళ్ళు మరొకచోట ఉంచుకోవాలి. ఒక సెట్టు ఇంటి వద్ద కూడా ఉండాలి. తిరిగివచ్చిన తరువాత చదువు ఏ తరగతి నుండి కొనసాగుతుందో, అక్కడ చదివిన పాఠ్యాంశాలకు ఇక్కడ గుర్తింపు ఉంటుందో లేదో కళాశాల ప్రిన్సిపాల్ నుండి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయాన్ని ఉపేక్షిస్తే ఒక విద్యాసంవత్సరం చేజారే ప్రమాదం ఉంది.

మందులను వాటి అసలు పెట్టెలలోనే, వైద్యుని చీటీతో సహా తీసుకుపోవాలి. ఇక్కడ సాధారణమైన మందు మరొక దేశంలో నిషిద్ధం కావచ్చు. జలుబు మందులలో వాడే సూడోఎఫెడ్రిన్ నిర్ణీత పరిమితిని మించితే జపాన్‌లోకి అనుమతి లేదు. ఆస్ట్రేలియా వంటి దేశాలలో విత్తనాలు, పాల పదార్థాలు, ఇంటి వంటకాలు ఉంటే విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి. ఆవకాయ జాడీని దాచిపెట్టి అపరాధం చెల్లించడం కన్నా ముందే చెప్పడం గౌరవం. భారతదేశంలో ఇళ్ళకు 230 వోల్టుల విద్యుత్తు వస్తుంది. అమెరికాలో 120, జపాన్‌లో 100 వోల్టులు మాత్రమే. ప్లగ్గు ఆకారాలు కూడా వేరు. కనుక పరికరంపై ముద్రించిన వోల్టుల వివరం చూసుకొని తీసుకుపోవాలి.

ఎంత సిద్ధమైనా ఊహకు అందని కష్టం రాక మానదు. నలంద వైపు పోతున్న దారిలో ఇత్సింగ్ జబ్బుపడి, తోటి బాటసారుల కన్నా వెనుకబడ్డాడు. దొంగలు ఆయనను పట్టుకొని కట్టుబట్టలు కూడా ఒలుచుకున్నారు. తెల్లని శరీరఛాయ గలవారిని బలి ఇస్తారన్న వదంతి విని, ఆయన బురద పూసుకొని, ఆకులు కప్పుకొని నడిచి తోటివారిని కలుసుకున్నాడు. ఇటువంటి వేళ ఆదుకునేవి పెట్టెలోని వస్తువులు కావు. ఎవరిని సహాయం కోరాలో తెలియడం, కోరడానికి భాష ఉండడం, ధైర్యం సడలకపోవడం ఆదుకుంటాయి. నేటి విద్యార్థికి ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం చిరునామా, కార్యక్రమ నిర్వాహకుల ఫోను సంఖ్య కాగితంపై రాసి దగ్గర ఉండాలి. ఇంటిమీద బెంగ కలగడం పిరికితనం కాదన్న సంగతి కూడా అతనికి, అతని తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉండాలి.

ధాన్యకటకంలో జరిగిన వినిమయం

పుచ్చుకోవడానికి సంబంధించిన సన్నాహం ఇంతవరకు తెలిసింది. ఇవ్వడానికి సంబంధించిన సన్నాహానికి తెలుగునేలపైనే ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉంది. ఇత్సింగ్ కన్నా ముందు తరంవాడైన హుయాన్‌త్సాంగ్ ఏడవ శతాబ్దంలో భారతదేశమంతటా పర్యటిస్తూ కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చాడు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు విద్వాంసులైన భిక్షువులు ఆయనకు తటస్థపడ్డారు. వారు మహాసాంఘిక సంప్రదాయంలో నిష్ణాతులు. హుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలు అక్కడే ఉండి వారి వద్ద ఆ సంప్రదాయపు అభిధర్మ గ్రంథాలు చదివాడు. ఆ ఇద్దరు కూడా ఆయన వద్ద మహాయాన శాస్త్రాలను అభ్యసించారు. అనంతరం ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్ర దర్శనానికి బయలుదేరినట్లు ఆయన జీవితచరిత్ర చెబుతున్నది.

గురువులు శిష్యులయ్యారు, శిష్యుడు గురువయ్యాడు. వినిమయమనే మాటకు ఇంతకన్నా చక్కని నిర్వచనం ఉండదు. హుయాన్‌త్సాంగ్ తాను ఎరిగిన శాస్త్రాన్ని లోతుగా ఎరిగినవాడు కనుకనే ఇది సాధ్యమైంది. వట్టి చేతులతో వచ్చి ఉంటే ఆయన కేవలం శ్రోతగానే మిగిలేవాడు.

నేటి విద్యార్థి వెంట తీసుకుపోయే కానుకల్లో తరచుగా ఒక కొండపల్లి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఏ కర్రతో చేస్తారని ఆతిథేయి అడిగితే చెప్పగలవాడెందరు? అది తెల్లపొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉంటుంది. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఈ సంగతులు తెలుసుకొని చెప్పినవాడు ఆ బొమ్మతో పాటు ఒక ఊరిని, ఒక శ్రమను కూడా కానుకగా ఇచ్చినవాడవుతాడు. అదే విధంగా 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేరిన రామప్ప దేవాలయం గురించి, తన ఊరి చెరువు గురించి, తాతముత్తాతల వృత్తి గురించి, తన భాషలోని అక్షరాల గురించి నాలుగు మాటలు సరళంగా చెప్పగలగాలి. ఇందుకు పుస్తకాలు కొంత ఉపకరిస్తాయి. ఇంట్లో ఉన్న నాయనమ్మ, అమ్మమ్మ, ఊరిలోని చేతివృత్తులవారు ఎక్కువ ఉపకరిస్తారు.

కఠినమైన ప్రశ్నలు కూడా ఎదురవుతాయి. కులభేదాలను గురించి, వరకట్నాన్ని గురించి, పేదరికాన్ని గురించి పరదేశీయులు అడగడం సహజం. అటువంటి వేళ దేశాభిమానం పేరుతో ఉన్నదానిని లేదనడం అసత్యం. మెప్పు కోసం తన దేశాన్ని తానే కించపరచడం అల్పత్వం. ఉన్న దోషాన్ని ఒప్పుకొని, దానిని తొలగించడానికి పోరాడినవారి కృషిని కూడా చెప్పగలవాడు నిజాయితీ గల ప్రతినిధి. అందుకు ముందుగా అతడు తన సమాజాన్ని కళ్ళు తెరిచి చూసి ఉండాలి.

తిరిగి రావడం

ఇత్సింగ్ క్రీ.శ. 685లో నలందను వీడాడు. తనతో దాదాపు ఐదు లక్షల శ్లోకాల పరిమాణం గల సంస్కృత గ్రంథాలను తీసుకొని మరల శ్రీవిజయకే చేరాడు. పోయేటప్పుడు ఆగినచోటనే తిరిగివచ్చేటప్పుడు కూడా ఆగి, గ్రంథాలను చైనా భాషలోకి అనువదించడం మొదలుపెట్టాడు. కాగితం, సిరా చాలలేదు. క్రీ.శ. 689లో వాటిని పంపమని కోరుతూ ఉత్తరం ఇవ్వడానికి రేవులోని ఓడ ఎక్కగా, గాలి అనుకూలించి ఓడ సాగిపోయింది. ఆయన అనుకోకుండా కాంటన్‌కు చేరాడు. పద్ధెనిమిదేళ్ళ తరువాత స్వదేశంలో కాలు మోపినవాడు అక్కడే ఉండిపోవచ్చు. కాని గ్రంథాలు శ్రీవిజయలో ఉన్నాయి. సహాయకులను వెంటబెట్టుకొని ఆయన అదే సంవత్సరం మరల సముద్రం దాటాడు. పని ముగించుకొని క్రీ.శ. 695లో లొయాంగ్ నగరానికి చేరగా, సామ్రాజ్ఞి వూ స్వయంగా ఎదురేగి స్వాగతం పలికింది. క్రీ.శ. 713లో మరణించేవరకు ఆయన అనువాదంలోనే నిమగ్నుడై ఉన్నాడు.

తన వలెనే భారతదేశానికి బయలుదేరిన యాభైమందికి పైగా భిక్షువుల చరిత్రలను కూడా ఇత్సింగ్ రచించాడు. వారిలో చాలామంది దారిలోనో, పరదేశంలోనో మరణించారు. వారి పేర్లు నిలిచి ఉండడానికి తిరిగివచ్చినవాడు రాసిన ఆ గ్రంథం కారణం. తిరిగిరావడమంటే తనతో రాలేనివారి పక్షాన కూడా మాట్లాడడం. ఒక కళాశాల నుండి ఒకే విద్యార్థి ఎంపిక కావచ్చు. అతనితో సమానమైన యోగ్యత ఉండి కూడా అవకాశం దక్కనివారు పలువురు ఆ తరగతిలోనే ఉంటారు. అతడు ప్రతి రాత్రీ రాసుకునే దినచర్య, తిరిగివచ్చి చెప్పే అనుభవం వారికి చెందవలసిన వాటా.

తెలుగు ఇంటి గుమ్మం దాటేవాడు 'పోతాను' అనడు. 'పోయివస్తాను', 'వెళ్ళివస్తాను' అంటాడు. పొరపాటున 'వెళ్తాను' అంటే ఇంట్లోని పెద్దలు 'వెళ్ళొస్తానని చెప్పు నాయనా' అని సవరిస్తారు. విద్యార్థి వినిమయంలోని ధర్మమంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. ఆ మాటను పూర్తిగా పలకగలిగిన విద్యార్థి ప్రయాణానికి సిద్ధమైనట్లే.

శబ్దార్థాలు

వినిమయం = ఇచ్చిపుచ్చుకోవడం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
శబ్దవిద్య = వ్యాకరణ శాస్త్రం
కినుక = కోపం, అలుక
ఆతిథేయి = అతిథికి ఆశ్రయమిచ్చేవారు
నిష్ణాతుడు = నేర్పరి, ఆరితేరినవాడు
అపరాధం = తప్పుకు విధించే జరిమానా
బిడియం = మొగమాటం, సిగ్గు

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. విమానం కాలాన్ని మిగిల్చింది గాని మధ్య మజిలీని మింగివేసింది.
2. గురువులు శిష్యులయ్యారు, శిష్యుడు గురువయ్యాడు.
3. తిరిగిరావడమంటే తనతో రాలేనివారి పక్షాన కూడా మాట్లాడడం.

II. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఇత్సింగ్ విద్యాయాత్రను, దానికి ఆయన చేసిన సన్నాహాన్ని వివరించండి.
2. విదేశానికి వెళ్ళే విద్యార్థి ఇంటివద్దనే 'మధ్య మజిలీ'ని ఎలా నిర్మించుకోవాలి?

III. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. గాంధీకి డాక్టర్ మెహతా బోధించిన మర్యాదలు ఏవి?
2. ధాన్యకటకంలో జరిగిన విద్యా వినిమయాన్ని తెలపండి.
3. కఠినమైన ప్రశ్నలు ఎదురైనప్పుడు విద్యార్థి ఎలా స్పందించాలి?

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇత్సింగ్ శ్రీవిజయలో అభ్యసించిన విద్య ఏది?
2. కొండపల్లి బొమ్మలను ఏ కర్రతో చేస్తారు?
3. ఎరాస్మస్ పథకం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

V. ఈ క్రింది పదాలను విడదీసి, సంధులను పేర్కొనండి.
విద్యార్థి, దురర్థం, జీవితానుభవం, భాషాభ్యాసం